ఎన్నాళ్లకొకమారు?

ఒక పని ఎంత తరచుగా జరుగునో తెలుపుటకు ఇంగ్లీషువారికి గల మాటలు మన గ్రామములలోనికి పుస్తకముల ద్వారా రాలేదు. కచేరీ నోటీసుతోను, ఆసుపత్రి చీటితోను, రేవులోని ఓడల పట్టికతోను వచ్చినవి. 'డైలీ', 'వీక్లీ', 'మంత్లీ' అను మాటలను అక్షరము రానివారు సైతము పలుకుచున్నారు. మాట వచ్చినది సరే, దాని వెనుకనున్న లెక్క కూడ వచ్చినదా యని నాకు చిరకాలముగా సంశయము. ఆ సంశయమును పరీక్షించుటకు విశాఖపట్టణమందలి జాలరిపేటను మించిన చోటు లేదు. అచ్చట రెండు గడియారములు నడచుచున్నవి. ఒకటి రేవుది, సూర్యునిబట్టి నడచునది. రెండవది తెప్పలవారిది, చంద్రునిబట్టి నడచునది.

విశాఖ రేవు 1933వ సంవత్సరమున సముద్రపుటోడలకు తెరువబడినది. అంతకు ఎన్నో తరములకు పూర్వమునుండి ఈ తీరమున జాలరులు తెప్పలు తోయుచునే యుండిరి. పోటు దినమునకు రెండుమారులు వచ్చునని బడిపుస్తకములు చెప్పుచున్నవి. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న యొక వృద్ధుని నేనీ సంగతి యడిగితిని. "రెండుసార్లే బాబూ, గానీ నిన్నటి వేళకి ఈవేళ రాదు" అనెను. ఆ రెండవ మాటలోనే శాస్త్రమంతయు నున్నది. ఒక పోటునకును మరుపోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. రెండు పోటులు గడచునప్పటికి 24 గంటలు గాక 24 గంటల 50 నిమిషములగును. కనుక అమావాస్యనుండి అమావాస్యవరకు, దినమునకు రెండేసి చొప్పున 59 పోటులు రావలసినచోట 57 మాత్రమే వచ్చును. ఏదో రెండు దినములలో, పోటు అర్ధరాత్రి దాటి మరునాటి లెక్కలో చేరిపోవును. గడియారమును నమ్మినవానికి సముద్రము మాట తప్పినట్లు తోచును. తిథిని నమ్మినవానికి అట్టి చిక్కు లేదు.

ఇంగ్లీషువారును ఒకప్పుడు చంద్రుని మరువలేదు. వారి 'ఫోర్ట్‌నైట్' అను మాటకు పదునాలుగు రాత్రులని యర్థము. క్రీస్తుశకము మొదటి శతాబ్దము చివర టాసిటస్ అను రోమను చరిత్రకారుడు, జర్మను జాతులవారు పగళ్లను గాక రాత్రులను లెక్కింతురని వ్రాసియున్నాడు. ఇంగ్లీషువారి పూర్వులు ఆ జాతులలోనివారే. మన పక్షమునకు 15 తిథులు. ఆ 15 తిథులు గడచుటకు సగటున 14 దినముల 18 గంటలు పట్టును. కాబట్టి పక్షమనగా 15 దినములనుకొనువాడును పొరబడును, 14 దినములనుకొనువాడును పొరబడును.

ఇది పండితుల ముచ్చట యని మీరు త్రోసివేయకుడు. కూలి 'ఫోర్ట్‌నైటు'కొకమారు ఇత్తుమని యొకరును, నెలకు రెండుమారులు ఇత్తుమని వేరొకరును చెప్పినయెడల రెండును ఒకటే యని మనము తలయూపుదుము. మొదటి లెక్కకు సంవత్సరమునకు 26 మారులు, రెండవ లెక్కకు 24 మారులు. పుచ్చుకొను కూలికైనను, కట్టవలసిన వాయిదాకైనను ఈ రెండు మారుల తేడా తేడాయే గదా.

'బై-వీక్లీ' సంగతి మరియు విచిత్రము. వారమునకు రెండుమారులనియు దాని యర్థమే, రెండు వారములకొకమారనియు దాని యర్థమే. ఇంగ్లీషు నిఘంటువులు రెండర్థములను ప్రక్కప్రక్కనే వ్రాసి యూరకున్నవి. మన భాషకు ఈ తగవు లేదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికయైనప్పుడు ఎన్నాళ్లకొకమారు వచ్చునో ఎవరును సందేహపడవలసిన పని లేకపోయెను. 'వారమునకు రెండు' అన్నను, 'రెండు వారములకొకటి' అన్నను తెలుగువాడు తడుముకొనడు. ఇంత తేటయైన పలుకుబడిని విడిచి ఆ సందిగ్ధపు మాటను అరువు తెచ్చుకొనుట యెందులకో నాకు బోధపడదు.

ఆసుపత్రి చీటిమీది 'బి.డి.', 'టి.డి.ఎస్.' అనునవి ఇంగ్లీషు గూడ కావు, లాటిను. దినమునకు రెండుమారులు, మూడుమారులు అని వాని భావము. చలిజ్వరములలో నొకదానికి వైద్యులు 'టెర్షియన్' అని, అనగా మూడవనాటిదని పేరు పెట్టిరి. అది వచ్చునది దినము విడిచి దినము. రోమనులు జ్వరము వచ్చిన దినమును గూడ కలుపుకొని లెక్కించుటచే అది మూడవనాడైనది. మనము 'మూడోనాడు' అనునప్పుడు లెక్కించునదియు అట్లే. ఆ జ్వరములను దోమ మోయుచున్నదని తెలియుటకు దారి చూపిన పరిశోధనను రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే చేసెను. పేరులోని లెక్క తప్పిన విద్యార్థి నవ్వులపాలగును, అంతే. మందు లెక్క తప్పిన రోగి సంగతి వేరు. కీళ్లవాతమునకిచ్చు మెథొట్రెక్సేట్ మాత్రను వారమునకొక దినము మాత్రమే వేసికొనవలెను. దానిని ప్రతిదినము మ్రింగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు పెక్కు దేశములలో గలరు.

ఇక జాలరిపేటకు అన్నిటికంటె ముఖ్యమైనది గాలివాన మాట. 'సైక్లోన్' అను పేరును పుట్టించినవాడు కలకత్తాలోని పిడింగ్టన్ దొర. గోదావరి ముఖమునందలి కోరంగిని 1789లో ముంచిన ఉప్పెనను గూర్చి ఆయన వ్రాసియున్నాడు. అదే కోరంగి 1839లో మరల పాడయ్యెను. ఇట్టి మహోపద్రవములను 'నూరేండ్లకొక్కమారు వచ్చునవి' యని చెప్పుట ఇంజనీర్లకు వాడుక. గంబెల్ అను గణితశాస్త్రజ్ఞుడు 1941లో వరదల పునరాగమన కాలమును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. ఆ లెక్క ప్రకారము ఆ మాటకు అర్థమేమనగా, ఏ సంవత్సరమునందైనను అది వచ్చుటకు నూటికొక పాలు అవకాశము కలదని. ఒకమారు వచ్చిపోయినది గనుక మన మనుమల కాలమువరకు రాదని కాదు. వినువారు మాత్రము ఎల్లప్పుడును ఈ రెండవ యర్థమునే గ్రహించి నిశ్చింతగా నుందురు. ఒడ్డుననే ఇల్లు కట్టుకొని 30 ఏండ్లు కాపురముండువానికి ఆ 'నూరేండ్ల' గాలివాన ఎదురగు అవకాశము నూటికి 26 పాళ్లు. నూరేండ్లును గడచినను అది ఒక్కమారైనను రాకుండుటకు సుమారు 37 పాళ్లు.

2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటెను. సరిగా సంవత్సరమునకు, 2014 అక్టోబరు 12వ తేదీననే, హుద్‌హుద్ విశాఖపట్టణముమీదనే పడెను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ పలాస ప్రాంతమును కొట్టెను. మూడును ఈ ఒక్క తీరముననే.

మీ యూరిలో నెవరైనను 'నూరేండ్లకొక్కమారు' అని యధికారులు చెప్పినారని తెచ్చినచో, వారికిట్లు చూపుడు. ఒక సంచిలో 99 తెల్లగవ్వలును ఒక నల్లగవ్వయు వేసి, కన్నులు మూసికొని ఏటికొక గవ్వ తీయవలెను. తీసిన గవ్వను తిరిగి సంచిలోనే వేసి కలుపవలెను. నల్లగవ్వ చేతికి వచ్చిన సంవత్సరము గూడ దానిని బయట నుంచుకొనరాదు.