సాముదాయిక రవాణా (బ్రిటన్)

సాముదాయిక రవాణా అనగా బస్సు సౌకర్యం లేనివారి కొరకు, బస్సు ఎక్కలేని వృద్ధులు, వికలాంగుల కొరకు లాభాపేక్ష లేని సంస్థలు నడిపే ప్రయాణ సేవ. బ్రిటన్‌లో ఇది పట్టణాలలోను, పల్లెలలోను కనిపిస్తుంది. వృద్ధులను దుకాణాలకు, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళి తిరిగి ఇంటికి చేర్చడం దీని ముఖ్యమైన పని. డ్రైవర్లలో పలువురు పదవీ విరమణ చేసిన స్వచ్ఛంద సేవకులు.

చరిత్ర
లాభాపేక్ష లేని సంస్థలు సులభమైన అనుమతితో చిన్న బస్సులు నడుపుకొనే వీలును 1977 నాటి మినీబస్సు చట్టం కల్పించింది. 1985 నాటి రవాణా చట్టం ప్రకారం 1986 అక్టోబరు 26 నుండి లండన్ వెలుపల బస్సు సర్వీసులు పోటీకి వదలబడ్డాయి. అప్పటినుండి ఆదాయం రాని మార్గాలలో బస్సు నడవాలంటే స్థానిక సంస్థల ఆర్థిక సహాయమే ఆధారమైంది. ఆ సహాయం తగ్గినచోట సర్వీసులు ఆగిపోయాయి.

విధానాలు
* స్వచ్ఛంద కారు పథకం: సేవకులు తమ సొంత కార్లలో వృద్ధులను తీసుకువెళతారు. ప్రయాణికులు నడిచిన దూరాన్ని బట్టి ఖర్చు మాత్రమే చెల్లిస్తారు.
* డయల్-ఎ-రైడ్: ముందుగా ఫోను చేసినవారి ఇంటివద్దకే మినీబస్సు వస్తుంది. ఇటువంటి సేవలు సాధారణంగా 1985 చట్టంలోని 19వ సెక్షను అనుమతితో, నిర్దిష్ట వర్గాల వారికోసం నడుస్తాయి.
* కమ్యూనిటీ బస్సు: 22వ సెక్షను అనుమతితో నిర్ణీత మార్గంలో నడుస్తుంది. ఎవరైనా ఎక్కవచ్చును. మొదట దీని డ్రైవర్లకు జీతం ఇవ్వరాదు. 2008 నాటి స్థానిక రవాణా చట్టం ఆ నిబంధనను తొలగించింది.

సమస్యలు
2008 ఏప్రిల్ 1 నుండి ఇంగ్లండులో అర్హులైన వృద్ధులకు రద్దీలేని వేళలలో దేశమంతటా స్థానిక బస్సులలో ఉచిత ప్రయాణం లభించింది. కాని బస్సే రాని ఊరిలో ఈ పాసు వలన ప్రయోజనం లేదు. 19వ సెక్షను సేవలలో దీనిని అంగీకరించవలసిన నిర్బంధం కూడా లేదు.

డ్రైవర్ల కొరత మరొక సమస్య. 1997 జనవరి 1కి ముందు కారు లైసెన్సు పొందినవారికి మినీబస్సు నడిపే అర్హత (డి1) దానితోపాటే లభించింది. ఆ తరువాతివారికి కొన్ని మినహాయింపులు ఉన్నా, చక్రాల కుర్చీని ఎక్కించే లిఫ్టు గల బరువైన వాహనాలకు తరచు ప్రత్యేక పరీక్ష అవసరమవుతుంది. పాత లైసెన్సుదారులు 70 ఏళ్ళు నిండాక డి1 అర్హతను నిలుపుకోవాలంటే వైద్యపరీక్షలో నెగ్గాలి. ఈ విధంగా నేటి డ్రైవర్లే రేపటి ప్రయాణికులు అవుతున్నారు. వారి స్థానంలోకి వచ్చే యువకులకు శిక్షణ ఇప్పించే ఖర్చు చిన్న సంస్థలకు భారమవుతున్నది.

ప్రాధాన్యత
సరుకులను ఇంటికే తెప్పించుకొనే వీలున్నప్పటికీ, ఒంటరిగా జీవించే వృద్ధులకు దుకాణానికి వెళ్ళడం నలుగురిని కలిసే అవకాశం. సరుకుల సంచులను గుమ్మం వరకు మోసి ఇచ్చే డ్రైవరు, వారి క్షేమాన్ని గమనించే వ్యక్తి కూడా అవుతాడు.