మగ్గమునుండి మోటారుబండికి

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నేతగాడు పడుగులో నొక్క పోగు తెగినంతనే నాడెను నిలిపి, తెగిన కొనలను వెదకి పట్టి, ముడివేసి, పన్నెలో దాని సందున మరల దూర్చినగాని ముందునకు సాగడు. తెగిన పోగు నుపేక్షించి నేసిన మూరెడు గుడ్డ మూరెడు నష్టమేయని యతడెరుగును. చాపాడు మొదలగు చుట్టుపట్ల గ్రామములవారికి చిరపరిచితమైన యీ నేతధర్మమే జపానుదేశపు మోటారు పరిశ్రమకు మూలసూత్రమైనది.

ఆ దేశమున వడ్రంగి కుమారుడైన సకీచి టొయోడా (1867-1930), పోగు తెగినచో తనంత తానే యాగిపోవు యంత్రమగ్గమును నిర్మించెను. 1924లో సిద్ధమైన ఆయన స్వయంచాలక మగ్గపు హక్కులకై ఇంగ్లండులోని ప్లాట్ సోదరుల సంస్థ 1929లో 1,00,000 పౌండ్ల నీయ నొడంబడెను. ఆయన కుమారుడు కీచిరో 1937లో టొయోటా మోటారు కంపెనీని స్థాపించెను.

ఈ రెండు వృత్తులకును వారధియైనవాడు తైచి ఒనో. 1912లో మంచూరియాలోని డైరెన్ పట్టణమున జన్మించి, నగోయాలో సాంకేతికవిద్య నభ్యసించి, 1932లో టొయోడావారి నూలు-నేత సంస్థలో చేరిన యాతడు 1943లో మోటారు కంపెనీకి మారెను. అమెరికా కార్మికు డొక్కడు చేయు పనికి జపానులో తొమ్మండుగురు కావలయునని వినిన మాట యాతని మనస్సున నాటుకొనెను. దేహబలమున నంతటి యంతర ముండజాలదు గనుక, లోపము మనుష్యులయందు గాక పని నడచు తీరునందే యున్నదని యాతడు నిశ్చయించెను.

రెండవ ప్రపంచయుద్ధమున నోడిన దేశమది. ధనము కొరత, కొనువారు నల్పులు. అట్టి తరి ముందుగా తయారుచేసి గిడ్డంగిలో పేర్చిన ప్రతి వస్తువును బంధింపబడిన ధనమే. కావున అధికోత్పత్తి, నిరీక్షణ, అనవసరపు రవాణా, అక్కరలేని ప్రక్రియ, నిల్వ, వృథా కదలిక, లోపభూయిష్టమైన సరకు అను ఏడు వ్యర్థములను గుర్తించి, అన్నింటికిని తల్లివంటిది అధికోత్పత్తియేయని యాతడు బోధించెను. అమెరికా సూపర్ మార్కెట్లలో కొనువారు తీసికొనినంత సరకునే మరల అరలలో నింపు పద్ధతి యాతని కాదర్శమయ్యెను: తరువాతి పనివాడు వెనుకటివానివద్దకు పోయి కావలసినంతయే కొనితెచ్చును, ఆ వెలితి నొక చీటి తెలుపును, ఆ చీటి రానిదే క్రొత్త భాగము తయారు గాదు. కాన్బాన్ అను నీ పద్ధతి 1953 నాటికి యంత్రశాలలో నమలై, 1962 నాటికి సంస్థయంతట వ్యాపించెను. ఒక్కొక్కరు పలు యంత్రములను చూడవలెనన్నపుడు పాత పనివారు ప్రతిఘటించిరి. వారి కష్టమును మరచి యీ చరిత్రను వ్రాయుట న్యాయము గాదు. 1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట లోకమెల్ల ఈ విధానమువైపు చూచెను. ఒనో 1990లో మరణించెను.

2016లో ఆంధ్రప్రదేశమునందలి శ్రీసిటీలో జపాను మోటారు సంస్థయైన ఇసుజువారి కర్మాగారము తెరువబడినది. ఒనో పద్ధతిలోని చీటీలను అనుకరించుట సులభము. లోపము కనబడినంతనే సామాన్య కార్మికుడు సయితము పని నాపించుటకు ఒనో యిచ్చిన యధికారమును అంగీకరించుటయే యజమానులకు దుష్కరము. మగ్గముపై నేతగాని కెల్లప్పుడును ఉన్న యా యధికారమును కర్మాగారపు పనివానికిని దక్కించినపుడే ఈ విద్య మనకు పూర్తిగా అబ్బినట్లు.