వేలిముద్ర వేసేముందు

చిలకలూరిపేట చుట్టుపక్కల మన ఎరుకల, యానాది, సుగాలి కుటుంబాలకు వేలిముద్ర కొత్త కాదు. రేషన్‌కు వేలు, పింఛనుకు వేలు. ఇప్పుడు ఆసుపత్రుల్లో 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. దానితో మన జబ్బులు, పరీక్షలు, మందుల వివరాలు కంప్యూటర్లలో ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఊరు మారినా పాత చీటీలు వెతుక్కోనక్కర్లేదు. మంచిదే. అయినా సరేనని చెప్పేముందు మన చరిత్ర గుర్తుచేసుకోవాలంటాం.

1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవారి పేర్లు రిజిస్టరుకెక్కించి వేలిముద్రలు తీసుకున్నారు. తప్పు చేసినందుకు కాదు, ఆ తెగలో పుట్టినందుకు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అప్పటి సెటిల్మెంటే. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అనుమానం మాత్రం మిగిలింది.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ అధ్యయనం అది. గిరిజన హాస్టళ్ల పిల్లలూ అందులో ఉన్నారు. 2010లో కేంద్రం ఆపించింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద వార్డెన్లే సంతకం చేశారని, 1,948 మీద వేలిముద్రలున్నాయని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. ఎవరి బిడ్డకు ఎవరు సరేనన్నారన్నదే మా ప్రశ్న.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అంగీకారం తెలిసి, స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు కూడా. సమాచారాన్ని ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో గానీ చదువుకునే వీలుండాలి. ఆ 22లో సంతాలీ ఉంది. ఎరుకల, లంబాడీ, కోయ భాషలు లేవు.

ఆ లోటు తీర్చాల్సింది చదువుకున్న మనమే. ఆభా తప్పనిసరి కాదని ప్రభుత్వమే అంటోంది. ఈ మాట మన ముసలివాళ్లకు మన భాషలో చెప్పాలి. వివరాలు ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు, వద్దంటే ఏమవుతుందని వాళ్ల తరఫున అడగాలి. ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే: తల్లిదండ్రులకు చెప్పకుండా పిల్లల కాగితం మీద సంతకం పెట్టకండి. వేలు మనది. అది ఎప్పుడు పెట్టాలో తేల్చుకునేదీ మనమే కావాలి.