తూర్పు తీరంలో నౌకాయుద్ధ స్మృతిచిహ్నాలు

రెండవ ప్రపంచ సంగ్రామం ఆంధ్రతీరాన్ని తాకిన రోజు 1942 ఏప్రిల్ 6. బంగాళాఖాతంలో ప్రవేశించిన జపాను నౌకాదళ విమానాలు నాడు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. పట్టణవాసులు అనేకులు ఇళ్లు విడిచి లోపలి గ్రామాలకు తరలిపోయారు. ఆ బాంబులలో పేలకుండా మిగిలిన ఒకటి సాగరతీరపు పాత డచ్చి బంగళాలో నెలకొన్న విశాఖ మ్యూజియంలో భద్రపరచబడినది. సందర్శకులకు అదొక వింత, చరిత్రకారునికి దస్తావేజు.

వస్తువు దస్తావేజు కావాలంటే దాని వెంట దాని కథ కూడా నిలవాలి. ఎవరిది, ఏ నౌకలో పనిచేసినందుకు లభించినది తెలియని పతకం కేవలం లోహపు బిళ్ల. ఛాయాచిత్రాల విషయంలో ఇది మరింత నిజం. వరుసగా నిలిచిన నావికుల చిత్రం వెనుక నౌక పేరు, తేదీ, రేవు పెన్సిలుతో వ్రాసి ఉంటే అది సాక్ష్యం. లేకుంటే గోడకు అలంకారం. భక్తితో అట్టకు అంటించి పటం కట్టించినప్పుడు ముందుగా నశించేవి ఆ వెనుక వ్రాతలే. టోపీ పట్టీని బట్టి నౌకను గుర్తించడమూ సులభం కాదు; యుద్ధకాలంలో గోప్యత కోసం పట్టీ మీద నౌక పేరు ఉంచేవారు కారు.

1939లో రెండు వేలమందికి మించని రాయల్ ఇండియన్ నేవీ 1945 నాటికి పాతిక వేలు దాటినది. యుద్ధానంతరం వారిలో అధికులు ఇళ్లకు పంపివేయబడ్డారు. 1946 ఫిబ్రవరి తిరుగుబాటు, 1947లో రెండు దేశాల మధ్య నౌకల పంపకం ఆ దళపు జ్ఞాపకాన్ని ఇంకా చెదరగొట్టాయి. 1942 నవంబరు 11న తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాను సాయుధ నౌకలను ఎదిరించిన ‘బెంగాల్’ వంటి నౌకల గాథ తెలిసినవారు ఎందరు? నాటి భారతీయ నావికుల ఛాయాచిత్రాలు అనేకం లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. పెట్టెల అడుగున మన కుటుంబాలు దాచుకున్నవి మాత్రం ఏ జాబితాకూ ఎక్కలేదు.

1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ రేవు సమీపంలో సిబ్బంది యావన్మందితో మునిగిపోయినది. తేలివచ్చిన శకలాలను తొలుత గమనించినవారు మత్స్యకారులు. ఐఎన్‌ఎస్ ‘రాజ్‌పుత్’ దాడి వల్ల మునిగినదని భారత నౌకాదళం, లోపలి ప్రమాదం లేదా మందుపాతర వల్లనని పాకిస్తాన్ చెప్పుతూ వచ్చాయి. ఇట్టి వివాదంలో సముద్రం నుంచి పైకి వచ్చిన ప్రతి వస్తువూ ఒకవైపు విజయచిహ్నం, మరొకవైపు మృతుని ఆస్తి. సేకరణకర్త ఈ రెండింటినీ మరువరాదు.

నౌకాదళం ఈ విచక్షణ చూపినది. 2024లో ఘాజీ శిథిలం ఆచూకీ తెలిసినట్లు వార్తలు వెలువడినప్పుడు, మృతుల పట్ల గౌరవసూచకంగా దానిని ముట్టరాదని నిర్ణయించినది. 1944 ఫిబ్రవరి 11న భారత నౌక ‘జమున’, ఆస్ట్రేలియా నౌకలు రెండు కలిసి ముంచిన జపాను జలాంతర్గామి ఆర్‌ఓ-110 కూడా ఆ తీరజలాలలోనే, తన నావికులతో సహా, విశ్రమించి ఉన్నది.