విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష

విదేశాల్లో వైద్యవిద్య పూర్తిచేసిన భారతీయ పౌరులు స్వదేశంలో రిజిస్ట్రేషన్ పొందేందుకు ఉత్తీర్ణులు కావలసిన అర్హత పరీక్ష ఇది. చట్టంలో దీని పేరు స్క్రీనింగ్ పరీక్ష. విద్యార్థుల వాడుకలో ఎఫ్ఎంజీఈ. న్యూఢిల్లీలోని జాతీయ పరీక్షల మండలి సాధారణంగా జూన్, డిసెంబరు నెలల్లో దీనిని నిర్వహిస్తుంది.

వైద్యుణ్ణి పరీక్షించిన తరువాతే వృత్తికి అనుమతించే ఆచారం ప్రాచీనమైనది. బాగ్దాదులో 931లో ఖలీఫా అల్ ముక్తదిర్, సిసిలీలో 1140లో రాజు రెండవ రోజర్ ఇటువంటి ఆజ్ఞలు జారీచేశారు. ఆపై శతాబ్దాల్లో ఈ అధికారం చాలాచోట్ల విశ్వవిద్యాలయాలకూ వృత్తి సంఘాలకూ సంక్రమించింది.

భారతదేశంలో వేరే లైసెన్సు పరీక్ష లేకుండా, గుర్తింపు పొందిన పట్టా ఆధారంగానే వైద్యుల పేర్లను రిజిస్టరులో నమోదుచేసే బ్రిటిష్ పద్ధతి స్థిరపడింది; మద్రాసు ప్రెసిడెన్సీలో 1914 నాటి చట్టం ఈ నమోదుకు ఆధారమయింది. భారతీయ పట్టాలకు గుర్తింపు ఇచ్చే విషయంలో లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్‌తో వచ్చిన వివాదం 1930లో గుర్తింపు రద్దు దాకా వెళ్లగా, 1933లో భారత వైద్య మండలి చట్టం వచ్చి, మరుసటి ఏడు మండలి ఏర్పడింది. విదేశీ పట్టాలలో వేటిని గుర్తించాలో 1956 నాటి చట్టం తన అనుబంధ పట్టికల్లో చేర్చింది.

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత రష్యా తదితర దేశాలకూ, అనంతరం చైనాకూ వైద్యవిద్య కోసం వెళ్లే విద్యార్థుల సంఖ్య పెరిగింది. వారిలో తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. అక్కడి కళాశాలలన్నిటినీ తనిఖీ చేయడం వైద్య మండలికి సాధ్యం కాని పని గనుక, కళాశాలను వదిలి అభ్యర్థినే పరీక్షించే ఆచరణయోగ్యమైన మార్గాన్ని 2001 నాటి సవరణ చట్టం ఎంచుకుంది. 2002 మార్చి 15 నుంచి రిజిస్ట్రేషన్ కోరేవారికి ఈ పరీక్ష తప్పనిసరి అయింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో వైద్య పట్టాతోపాటు పీజీ కూడా పూర్తిచేసినవారికి మినహాయింపు లభించింది.

ప్రశ్నపత్రంలో 300 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. 150 వస్తే ఉత్తీర్ణత. శరీర నిర్మాణశాస్త్రం మొదలు న్యాయవైద్యం వరకు మౌలిక విషయాలకు 100 మార్కులు, జనరల్ మెడిసిన్, శస్త్రచికిత్స, ప్రసూతి వంటి రోగచికిత్సా విభాగాలకు 200 మార్కులు కేటాయించారు. అభ్యర్థి చేతిలో వైద్యనైపుణ్యం ఎంతుందో ఈ పద్ధతి చెప్పలేదు. ఆ లోటును తరువాతి ఇంటర్న్‌షిప్‌కు వదిలేశారు. 2015 నుంచి 2018 వరకు పరీక్ష రాసినవారిలో సుమారు 14 శాతం మంది మాత్రమే గట్టెక్కారు.

2019 నాటి చట్టం ప్రకారం 2020 సెప్టెంబరు 25న భారత వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. కమిషన్ 2021 నవంబరు నిబంధనల్లో విదేశంలో కనీసం 54 నెలల కోర్సు, ఆంగ్ల మాధ్యమం, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. స్వదేశ, విదేశ పట్టభద్రులందరికీ ఉమ్మడిగా నెక్స్ట్ అనే పరీక్షను 2019 చట్టమే ప్రతిపాదించింది. సూత్రరీత్యా ఇది మరింత న్యాయమైన ఏర్పాటు. అయితే 2023 జూలైలో కమిషన్ దానిని వాయిదా వేయడంతో, విదేశీ పట్టభద్రులకు పాత పరీక్షే కొనసాగింది.