నానిహాల్ పొలంలో అమ్మీ హిస్సా

రైతు, కౌలు, హక్కు, వారసుడు. మతంతో పని లేకుండా మన పల్లెల్లో అందరూ పలికే ఈ మాటలు అరబీలో పుట్టి, ఫారసీ, ఉర్దూ దఫ్తర్ల మీదుగా తెలుగులోకి వచ్చినవే. రఅయ్యత్ రైతయింది, ఖౌల్ కౌలయింది, హఖ్ హక్కయింది, వారిస్ వారసుడయ్యాడు. మాటలైతే ఈ మట్టిలో బాగా వేళ్ళూనాయి. వాటి వెనకున్న ఇన్సాఫ్ మన ఇళ్ళల్లోనే ఎంతవరకు వేళ్ళూనింది? చాలా ఏళ్ళ తర్వాత మెదక్ దగ్గర మా నానిహాల్ పొలం చూసొచ్చినప్పటి నుంచి ఈ సవాల్ నన్ను వదలడం లేదు.

పొలం 16 ఎకరాలు, అంతా తరి. మంజీరా మీద 1905లో ఘనపురం ఆనకట్ట కట్టారు. దాని నుంచి రెండు కాలువలు తీశారు: మహబూబ్ నహర్, ఫతే నహర్. అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ జమానా. మా నానా పొలానికి మహబూబ్ నహర్ నీళ్ళే ఆధారం. నీళ్ళు సరిగ్గా వస్తే ఏడాదికి రెండు ఫసళ్ళు, వానాకాలం ఆబీ, యాసంగి తాబీ. మా గర్మీ చుట్టీలు మొదలయ్యేసరికి తాబీ వడ్లు కల్లంలో ఉండేవి. మామూలు గడ్డివాము మీదికి ఎక్కించేవారు. నానీ మలీదా ముద్దలు చేసి పెట్టేది. తిరుగు ప్రయాణంలో బియ్యం మూట, మామిడికాయల బుట్ట మా వెంట బస్సెక్కేవి.

ఇప్పుడు మామిడి చెట్లు లేవు. మోటబావి పూడిపోయింది. గట్ల మీద కడీలు పాతారు. మామూల పిల్లలు ఒకరు షహర్‌లో, ఒకరు దుబాయ్‌లో. పొలం అమ్మే మాట నడుస్తోంది. ఆ మాట కోసమే పాత సందూక్ తెరిచారు, కాగితాలు బయటపడ్డాయి.

ఆ కాగితాల భాష అర్థం కావాలంటే కొంచెం తారీఖ్ తెలియాలి. 1865లో మొదటి సాలార్ జంగ్ జిలాబందీ చేసి, శిస్తు వసూలును గుత్తేదారుల చేతుల్లోంచి తప్పించి సర్కారీ ముష్రుల చేతికిచ్చాడు. తర్వాత సర్వే జరిగింది, పట్టాలు వచ్చాయి. లెక్క ఫసలీ సాలులో రాసేవారు. ఫసలీకి 590 గానీ 591 గానీ కలిపితే ఈసవీ సంవత్సరం దొరుకుతుంది. జాగీర్ల రద్దు కానూన్ 1358 ఫసలీది, అంటే 1949 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మా వాళ్ళది జాగీర్ కాదు, మామూలు పట్టా. అందుకే ఆ దెబ్బ తగల్లేదు.

తెలంగాణలో భూమి తగాదా ఏదొచ్చినా పెద్దలు ముందు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. అందులో పట్టాదారు ఖానా వేరు, సాగులో ఉన్నవాళ్ళ ఖానా వేరు. మా ఇంట్లో దాని ఉర్దూ నకలు ఉంది. రెండు ఖానాల్లోనూ నానా పేరే. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ తర్వాత ఖౌఫ్‌తో మగవాళ్ళు కొన్ని నెలలు షహర్‌లో తలదాచుకున్నారు. అప్పుడు ఊళ్ళో ఉండి కూలీలను పిలిచి నాట్లు వేయించింది నానా అక్క. ఆ సంగతి ఖాందాన్‌లో అందరికీ తెలుసు. ఆమె పేరు మాత్రం ఏ ఖానాలోనూ లేదు.

నానా ఇంతెఖాల్ తర్వాత విరాసత్ ఇద్దరు మామూల పేర్ల మీద అయింది. ఫరాయిజ్ ప్రకారం ఏం కావాలో చూడండి. సూరె నిసా కొడుక్కి ఇద్దరు కూతుళ్ళ హిస్సా ఇచ్చింది, పిల్లలున్న బేవాకు ఎనిమిదో వంతు ఇచ్చింది. నానా వెనక ఉన్నది నానీ, ఇద్దరు కొడుకులు, నలుగురు కూతుళ్ళు. ఖర్జ్ లేదు, వసియ్యత్ లేదు. 16 ఎకరాల్లో నానీకి 2 ఎకరాలు. మిగిలిన 14లో ఒక్కో మామూకు 3 ఎకరాల 20 గుంటలు, ఒక్కో కూతురికి ఎకరం 30 గుంటలు. నలుగురు కూతుళ్ళదీ కలిపితే 7 ఎకరాలు. కాగితం మీద వాళ్ళకు దక్కింది సున్నా.

అడగలేదా? అడగలేదు. "హిస్సా తీసుకుంటే మైకా తలుపు మూసుకుంటది" అని మా పెద్ద ఖాలా అనేది. భర్తతో గొడవైనా, బేవా అయినా వచ్చి నిలబడేందుకు ఒక గడప ఉండాలి కదా. ఆ గడప కోసం ఎకరం 30 గుంటలు వదిలేశారు. మా గర్మీ చుట్టీలు, ఆ బియ్యం మూట, మామిడికాయల బుట్ట మామూల ఖుషీతో వచ్చినవే, అందులో షక్ లేదు. కానీ అవన్నీ అమ్మీ హిస్సాలో పండినవి కూడా. మేము మెహమాన్లమని అనుకుంటూ వెళ్ళింది అమ్మీ సొంత జమీనుకు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు, కానూన్‌లోనూ దీని జాడ ఉంది. 1937లో బ్రిటిష్ ఇండియాలో షరీఅత్ చట్టం వచ్చినప్పుడు అందులోంచి వ్యవసాయ భూమిని మినహాయించారు. వ్యవసాయ భూమి ప్రావిన్సుల అఖ్తియార్‌లో ఉండేది, పైగా చాలాచోట్ల జమీందారుల రివాజ్ కూతుళ్ళకు భూమి ఇవ్వదు. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపును తొలగించింది. పక్కింటి హిందూ కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం తెచ్చింది. మన కూతుళ్ళకు ఖురాన్‌లో పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే హిస్సా రాసి ఉంది. మేం షరీఅత్ మీద నడిచేవాళ్ళమని జల్సాల్లో చెప్పుకుంటాం. జమీన్ దగ్గరికొచ్చేసరికి రివాజ్ మీద నడుస్తాం.

మాఫ్ చేయడం కూతుళ్ళ ఇష్టం కాదా అంటారు కొందరు. ఇష్టమే. కానీ మాఫ్ చేయాలంటే ముందు తనకెంత వస్తుందో తెలియాలి, అది తన చేతికి రావాలి, వద్దనే ఆజాదీ ఉండాలి. జనాజా లేచిన ఇంట్లో, నలుగురు మగవాళ్ళ మధ్య, ఏ లెక్కా చెప్పకుండా పెట్టించుకున్న వేలిముద్రను రజామందీ అనలేం.

ధరణితో వచ్చిన 2020 చట్టం విరాసత్‌కు వారసులందరి ఉమ్మడి ఒప్పందం అడిగింది. ఇప్పుడు ధరణి పోయి భూభారతి వచ్చింది. చట్టం ఏదైనా, వారసులెవరో రాసిచ్చే కాగితం మొదలయ్యేది మన ఇంట్లోనే. అందులో బేటీల పేర్లు ముందు మనమే రాయాలి. ఆలిమ్ సాబ్ దగ్గర కూర్చుని ఎకరాలు, గుంటలతో సహా లెక్క వేయించి ఆడవాళ్ళకు చదివి వినిపించాలి. మా పొలం అమ్మితే డబ్బు ఏడు హిస్సాలు కావాలని నేను మామూలతో అన్నాను, నానీ హిస్సాతో కలిపి. చిన్న మామూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆపాలను పిలవండి, లెక్క వాళ్ళ ముందే వేద్దాం" అన్నాడు. వచ్చే జుమా నాడు అమ్మీ, ఖాలాలు ఆ ఊరికి వెళ్తున్నారు, ఈసారి వారిసులుగా.