లాయఖ్ అలీ కీలుబొమ్మేనా?

నిజాం కాలం గురించి నందిపేట, బోధన్ వైపు ఎవరిని కదిపినా రెండు కథలు వినిపిస్తాయి. మంచి చెప్పాలంటే నిజాంసాగర్, షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ. చెడు చెప్పాలంటే రజాకార్లు. మంచికంతా నిజాం పేరు, చెడుకంతా వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ పేరు. ఆ రాజ్యం చివరి పది నెలలు ప్రధానమంత్రిగా ఉన్న మీర్ లాయఖ్ అలీ మాత్రం ఎవరి కథలోనూ కనపడడు. పుస్తకాల్లో కనపడినా ఒక్క వాక్యమే దక్కుతుంది: రజ్వీ ఆడించినట్టల్లా ఆడిన కీలుబొమ్మ. ఆ వాక్యంతోనే నా పేచీ.

పూర్వకథ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. మంజీరా నీళ్లు కాలువలకెక్కాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. చెరకు పెరిగింది, 1937లో బోధన్‌లో ఫ్యాక్టరీ లేచింది. వీటి వెనుక సర్కారు పెట్టుబడి ఉంది. 1929లో ఏర్పడిన పారిశ్రామిక ట్రస్టు నిధి ఇలాంటి పరిశ్రమలకు ఊపిరి. సర్కారు సొమ్ము, సర్కారు కాంట్రాక్టులు, లెక్క అడిగే శాసనసభ లేకపోవడం, ఈ మూడింటి మధ్య హైదరాబాదులో ఒక కొత్త పారిశ్రామికవర్గం ఎదిగింది. లాయఖ్ అలీ ఆ వర్గం మనిషి. చదివింది ఇంజనీరింగు, గడించింది వ్యాపారంలో. 1947 సెప్టెంబరు దాకా ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ తరఫున ప్రతినిధిగా కూడా పనిచేశాడు.

ఆయన ప్రధాని అయిన తీరే కీలుబొమ్మ వాదానికి మొదటి ఆధారం. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున రజ్వీ పార్టీ అయిన ఇత్తెహాద్ (మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్) జనం అప్పటి ప్రధాని ఛత్తారీ నవాబు, నిజాం సలహాదారు వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్లను చుట్టుముట్టి, భారత్‌తో యథాతథ ఒడంబడిక కోసం ఢిల్లీ బయల్దేరుతున్న వాళ్లను ఆపేశారు. ఛత్తారీ రాజీనామా చేశాడు. నవంబరు 29న ఒడంబడిక మీద సంతకాలు పడే నాటికి పెత్తనం ఇత్తెహాద్‌కు ఇష్టమైన చేతుల్లోకి పోయింది, లాయఖ్ అలీ గద్దెనెక్కాడు. రజ్వీ దన్ను లేకుంటే ఆ కుర్చీ ఆయనకు వచ్చేది కాదు. అంతవరకు ఒప్పుకోవాల్సిందే.

కుర్చీ ఎవరిచ్చారన్నది ఒక ప్రశ్న. కుర్చీలో కూర్చుని ఏం చేశాడన్నది వేరే ప్రశ్న. కొత్త ప్రభుత్వం వస్తూనే బంగారం, వెండి సంస్థానం దాటకుండా ఒక ఆర్డినెన్సు, భారత రూపాయి చెల్లదని మరొకటి తెచ్చింది. భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో 20 కోట్ల రూపాయలు పాకిస్తాన్‌కు అప్పుగా పోయాయన్న సంగతి బయటపడింది. ఆ అప్పు ఒడంబడికకు ముందే కుదిరిందని హైదరాబాదు వాదించింది. ఒడంబడిక గడువు తీరేలోపు పాకిస్తాన్ ఆ పత్రాలను సొమ్ము చేసుకోకుండా చూస్తామని సర్దిచెప్పింది. ఈ తరహా జవాబు వీధి ఉపన్యాసాల నుంచి పుట్టదు. షరతులు చదివి, సందులు వెతికి, గడువులు లెక్కగట్టే బుర్ర నుంచి పుడుతుంది. రజ్వీ వృత్తికి లాతూరు వకీలే గానీ అతని బలం గొంతులో, గుంపులో ఉండేది. ఖజానా తాళాలు మంత్రివర్గం దగ్గర ఉండేవి.

కరాచీ నుంచి ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ విమానాల్లో ఆయుధాలు రాత్రిళ్లు బీదరు, వరంగల్లు మైదానాల్లో దిగడానికీ, 1948 ఆగస్టులో భద్రతామండలికి ఫిర్యాదు పోవడానికీ ఇదే వర్తిస్తుంది. ఆ ఫిర్యాదు పట్టుకుని పారిస్ వెళ్లిన బృందానికి నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్, లాయఖ్ అలీకి బావమరిది వరుస. ఇవన్నీ సర్కారు యంత్రాంగం కదిలితే తప్ప జరగని పనులు.

నా వాదానికి అడ్డొచ్చే ఘట్టం 1948 జూన్. ఢిల్లీలో మౌంట్‌బాటెన్ సమక్షంలో బేరాలు దాదాపు కొలిక్కి వచ్చాయి. లాయఖ్ అలీ ముసాయిదా పట్టుకుని హైదరాబాదు వచ్చాడు, నిజాం కాదన్నాడు. జూన్ 21న మౌంట్‌బాటెన్ దేశం విడిచి వెళ్లిపోయాడు. తాను రాజీ కోరినవాడినేనని చెప్పుకోవడానికి లాయఖ్ అలీకి ఇక్కడ కొంత చోటుంది, ఆ చోటు నేను లాక్కోను. కానీ మాట చెల్లని ప్రధాని ఆ రోజే దిగిపోవచ్చు. ఛత్తారీ దిగిపోలేదా? లాయఖ్ అలీ మంత్రివర్గంలోనే ఉన్న జోషి రజాకార్ల అకృత్యాలు చూసి రాజీనామా చేయలేదా? లాయఖ్ అలీ ఉండిపోయాడు. ఆయన ఉండగానే ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను కాచిగూడలో నరికి చంపారు. అదే నెల 27న బైరాన్‌పల్లి నెత్తురోడింది. మన ఇందూరు (నిజామాబాద్) కోటలోని జైలు ఆయన హయాంలో రాజకీయ ఖైదీలతో నిండింది. దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఆ గోడల మధ్యే ఉన్నారు. జైళ్లు నడిపింది రజాకార్లు కాదు, సర్కారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న మంత్రివర్గం రాజీనామా చేసింది. బేగంపేటలో గృహనిర్బంధంలో ఉన్న లాయఖ్ అలీ 1950 మార్చిలో కాపలా కళ్లుగప్పి కరాచీ చేరాడు. రజ్వీ 1957 దాకా జైల్లో మగ్గాడు. బొమ్మ తప్పించుకుంది, ఆడించినవాడు శిక్ష అనుభవించాడు, వింతే. లాయఖ్ అలీ 1962లో కరాచీలో తన పుస్తకం అచ్చువేసుకున్నాడు. 1971లో పోయాడు. ఆ పుస్తకం హైదరాబాదుకు జరిగిన అన్యాయాన్ని గట్టిగా చెబుతుంది, పల్లెలకు జరిగిన దాని దగ్గర గొంతు తగ్గిస్తుంది. వి.పి.మీనన్, కె.ఎం.మున్షీల పుస్తకాలు ఎదుటి పక్షం, అంటే భారత ప్రభుత్వం తరఫువి. వాళ్లకు రజ్వీ అనే ఒక్క రాక్షసుడు ఉంటే కథ సులువు. ఎదురెదురు పక్షాలే అయినా ఫలితం ఒకటే అయింది, దస్త్రాల మీద సంతకాలు పెట్టినవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

ఇప్పటి పరిస్థితి నాకు నచ్చడం లేదు. ఏటా సెప్టెంబరు 17న జెండాల మీద జరిగే తగవులో ఆనాటి మంత్రివర్గం ఊసే ఉండదు. ఉప ప్రధాని పింగళి వెంకటరామారెడ్డి అని, విద్యామంత్రి బి.ఎస్.వెంకటరావు అని చెబితే చాలామంది నమ్మరు. హిందూ భూస్వామి, దళిత నాయకుడు ఇద్దరూ ఉన్న మంత్రివర్గాన్ని ఒట్టి మతం లెక్కలో ఇమడ్చలేం, అందుకేనేమో ఏ పార్టీకీ అది అక్కరకు రాదు. బోధన్‌లో మరో రకం మరుపు. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటుకు అప్పగించారు, 2015 డిసెంబరులో మూతపడింది. ఓట్లతో గెలిచిన ప్రభుత్వాలు చేసిన ఈ పని చూసి, నిజామే నయమనే మాట చెరకు రైతుల నోట వస్తోంది. వాళ్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. అయితే లెక్క అడిగే హక్కు లేని రోజుల్లో పెట్టిన ఫ్యాక్టరీ అది. అడిగే హక్కు ఉన్న రోజుల్లో మూతపడిందంటే నిలదీయాల్సింది ఇప్పటివాళ్లను. అందుకోసం లాయఖ్ అలీ సర్కారుకు మంచి పేరు అరువివ్వనక్కర్లేదు.